కుంచె పాఠాలు – 3: నాలుగు రంగులతో ఒక తెర

రెండో పాఠంలో ఇచ్చిన పని పూర్తి చేసే ఉంటారు. ‘చికోరీ: ఎ కలర్‌ఫుల్ టేల్’ అనే వీడియో గేమ్‌లో లంచన్ పట్నం దాకా నడవడం, దారిలో కనిపించిన చెట్టుకీ పుట్టకీ చేతికొచ్చిన రంగు పూయడం, అంతే. అందులో చెయ్యి అలవాటు పడటం తప్ప వేరే ఉద్దేశం లేదు. ఈసారి రంగులు ఎంచుకోవడం నేర్చుకుందాం. గేమ్ లేనివాళ్ళు నల్లగీతలతో వేసిన ఏదైనా బొమ్మ ముందు పెట్టుకుని, నాలుగు రంగు పెన్సిళ్ళతో ఇదే పాఠం చేయవచ్చు.

కొత్తగా చేరినవాళ్ళ కోసం రెండు మాటలు. 2021 జూన్‌లో వచ్చిన ఈ గేమ్‌ను గ్రెగ్ లోబనోవ్ తన బృందంతో కలిసి చేశాడు. సంగీతం లీనా రెయిన్‌ది. పిక్నిక్ అనే రాజ్యానికంతటికీ రంగులద్దే మాయకుంచె చికోరీ అనే కుందేలు చేతిలో ఉంటుంది. ఒకరోజు ఉన్నట్టుండి లోకంలో రంగులన్నీ మాయమవుతాయి. చికోరీ గది తలుపు వేసుకుని బయటికి రాదు. అక్కడ ఊడ్చి తుడిచే పని చేసే ఓ కుక్క ఆ కుంచెను అందుకుంటుంది. ఆ కుక్క మనమే. దానికి పేరు కూడా మనకిష్టమైన తిండిని బట్టి వస్తుంది.

ఆడుతున్నవాళ్ళలో చాలామందికి ఒక అసంతృప్తి ఉంటుంది: ఏ ప్రాంతానికి వెళ్ళినా నాలుగే రంగులు ఇస్తారేమిటి? నన్నడిగితే గేమ్ మొత్తంలో ఇంతకంటే గొప్ప సదుపాయం లేదు. మామూలు బొమ్మల సాఫ్ట్‌వేర్ తెరిస్తే రంగుల చక్రంలో కోటీ 67 లక్షలకు పైగా రంగులుంటాయి. ఏది తీసుకున్నా ఇంకోటి బాగుండేదేమో అనిపిస్తుంది. బొమ్మ మొదలు కాకముందే అనుమానం మొదలవుతుంది. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ మనుషుల రూపచిత్రాలెన్నో పసుపు మట్టిరంగు, ఎరుపు, నలుపు, తెలుపు ఈ నాలుగింటితోనే వేశాడు. అంతటి చేతికి సరిపోయిన సంఖ్య మనకూ సరిపోతుంది.

ఇప్పుడు పనిలోకి దిగుదాం. ఒక ఇల్లు, రెండు మూడు చెట్లు, కాలిబాట, కాస్త నేల ఉన్న తెర ఒకటి ఎంచుకోండి. ఈ గేమ్‌లో ఎక్కువ చోట్ల ఒక్కో తెర ఒక్కో బొమ్మలా ఆగి ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు.

ముందు ఆ నాలుగు రంగుల్నీ ఓ మూల పక్కపక్కన చుక్కలుగా పెట్టండి. కళ్ళు సగం మూసి చూడండి. ఏది అన్నిటికంటే లేతగా ఉంది, ఏది ముదురుగా ఉంది? వరుస చెప్పుకోండి. ఇక్కడ చాలామంది తడబడతారు. రంగు పేరు వేరు, ముదురుతనం వేరు. నిండైన పసుపు ఎంత గాఢంగా పూసినా లేతగానే ఉంటుంది. నిండైన ఊదా ఎప్పుడూ ముదురే. అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది ఎరుపు, ఆకుపచ్చల జంట. పేరుకు ఒకదానికొకటి ఆమడ దూరం. కానీ చాలాసార్లు రెండింటి ముదురుతనం దాదాపు ఒకటే కావడంతో, ఆకుపచ్చ చెట్టు పక్కన ఎర్రటి ఇల్లు పెడితే కళ్ళు చికిలించగానే రెండూ ముద్దగా కలిసిపోతాయి. అనుమానముంటే తెరను ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. వెంటనే తెలిసిపోతుంది.

వరుస తేలాక నేలతో మొదలుపెట్టండి. అన్నిటికంటే ఎక్కువ చోటు దానిదే. పెద్ద కుంచె తీసుకుని, నాలుగింట్లో రెండో లేతరంగుతో నింపేయండి. గీత దాటి ఇంటి మీదికి పోయినా ఫర్వాలేదు, ఆగకండి. తర్వాత చెట్లన్నిటికీ కలిపి ఒకే రంగు. ఒక్కో చెట్టుకు ఒక్కో రంగు ఇవ్వాలని చెయ్యి లాగుతుంది, ఇవ్వకండి. చెట్లన్నీ ఒక గుంపుగా కనిపిస్తేనే ఇల్లు విడిగా కనిపిస్తుంది. అన్నిటికంటే ముదురు రంగును మాత్రం చివరిదాకా దాచుకోండి. చూసేవాళ్ళ కన్ను ఎక్కడ ఆగాలని మీరనుకుంటున్నారో అక్కడే, ఇంటి తలుపుకో కిటికీకో, కొద్దిగా వాడండి. దాని పక్కనే అన్నిటికంటే లేతరంగు పెట్టండి. ముదురూ లేతా ఒరుసుకునే చోటికి కన్ను దానంతటదే వెళ్తుంది. ఒకటి రెండు చోట్ల తెలుపు అలాగే వదిలేయండి. అది లెక్కలోకి రాని ఐదో రంగు.

ఇక ఈ పాఠంలో అసలు నియమం: తెరంతా నిండేదాకా ఏదీ చెరపకూడదు.

దీనికి గట్టి కారణం ఉంది. పారిస్‌లో గోబెలిన్ నేతశాల రంగుల విభాగానికి అధిపతిగా పనిచేసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ దగ్గరికి ఒక ఫిర్యాదు వచ్చింది. అక్కడ అద్దిన నల్లరంగులో పస లేదని. ఆయన పరీక్షించి చూస్తే నలుపులో ఏ లోపమూ లేదు. బట్టలో దాని పక్కన నేసిన రంగుల వల్లే అది వెలిసినట్టు కనిపిస్తోంది. పక్కపక్కనున్న రంగులు ఒకదాని రూపాన్నొకటి ఎలా మారుస్తాయో వివరిస్తూ 1839లో ఆయన పెద్ద గ్రంథమే ప్రచురించాడు.

దాన్ని మన తెరకు అన్వయించుకోండి. మొదట అంతా తెలుపే. తెలుపు పక్కన ఏ రంగు పెట్టినా ఉన్నదానికంటే ముదురుగా, మొరటుగా కనిపిస్తుంది. నేలకు పూసిన మొదటి పూత చూడగానే “అయ్యో, ఇది కాదు” అనిపించేది అందుకే. అది నిజంగా తప్పు రంగే కావచ్చు. కానీ ఆ సంగతి అప్పుడే తేల్చలేం, దాని ఇరుగుపొరుగు ఇంకా రాలేదు. చెరిపి వేరే రంగు వేస్తే అదీ ఆ తెలుపు పక్కనే నిలబడాలి, అదీ తప్పుగానే కనిపిస్తుంది. ఇలా చెరుపుతూ పోతే చివరికి “నాకు రంగులు చేతకావు” అన్న తీర్పు మిగులుతుంది. తెల్లకాగితం వల్ల పుట్టిన అనుమానాన్ని మన మీద వేసుకుంటాం. ఎంతోమంది కుంచె పక్కన పెట్టేసేది సరిగ్గా ఈ మలుపులోనే అని నా గట్టి నమ్మకం. అందుకే ఇంత నొక్కి చెబుతున్నాను. తెర నింపండి, తర్వాత చూడండి. అప్పటికీ నేలరంగు నచ్చకపోతే నిస్సంకోచంగా మార్చండి. అప్పుడు మార్చేది భయంతో కాదు, చూసి.

కథలో చికోరీ బాధ కూడా ఇలాంటిదే. ఆమెకు విద్య లేక కాదు, కుంచెకు తాను తగనన్న మాట లోపల పాతుకుపోయింది. ఆమెకు నేర్పిన గురువు బ్లాక్‌బెర్రీ కటువైన మనిషి. కుంచెతో పాటు ఆ కటుత్వమూ శిష్యురాలికి అందింది. కథ ఇంతకంటే చెప్పను, మీరే ఆడి తెలుసుకోండి. మన కుక్క గీసిన పిచ్చిగీతల్ని మాత్రం ఈ గేమ్ ఎక్కడా తూచి మార్కులు వేయదు. పోరాటాల్లో దెబ్బ తింటే వెనక్కి పంపదు, అక్కడి నుంచే మళ్ళీ మొదలుపెట్టనిస్తుంది. కష్టమనిపిస్తే ఆ పోరాటాల్ని దాటవేసే వీలూ ఉంది. నేర్చుకునేవాళ్ళను ఎలా చూసుకోవాలో తెలిసినవాళ్ళు చేసిన ఆట ఇది.

అందులో నాకెంతో ఇష్టమైనది ఫోన్ బూత్. దారి తోచనప్పుడు ఇంటికి ఫోన్ చేయవచ్చు. ముందు అమ్మ మాట్లాడుతుంది, ధైర్యం చెప్పి చిన్న సూచన ఇస్తుంది. ఇంకా కావాలంటే నాన్నకి ఇస్తుంది, ఆయన ఫలానా చోటికి వెళ్ళి ఫలానాది చెయ్యి అని విడమరిచి చెబుతాడు. మీ బొమ్మను మీరే చూసుకునేటప్పుడు ఇదే వరస పాటించండి. ముందు బాగా కుదిరిన చోటు ఒకటి వెతికి వేలు పెట్టి చూపండి. తర్వాత మార్చాల్సింది ఒక్కటి, అదీ ఎక్కడ ఏమిటో తెలిసేలా చెప్పండి. “బాగాలేదు” అన్నది సూచన కాదు. “చెట్లూ పైకప్పూ ఒకే ముదురులో ఉన్నాయి, పైకప్పు లేత చేయాలి” అన్నది సూచన.

వచ్చే పాఠం లోపు చేయాల్సిన పని: ఒకే తెరను రెండుసార్లు వేయండి. మొదటిసారి పైన చెప్పిన వరసలో. రెండోసారి చెరిపేసి అవే నాలుగు రంగుల వరసను తిరగేయండి, అంటే నేలకు ముదురు, తలుపుకు లేత. రెండింటినీ ఫోటో తీసి పక్కపక్కన పెట్టి, కన్ను ముందు ఎక్కడికి పోతోందో రాసుకోండి. గేమ్‌లో చీకటి గుహలు ఎదురైతే అక్కడ ఆగండి. పూసిన రంగే వెలుగునిచ్చే ఆ చోట వెలుగునీడల సంగతి నాలుగో పాఠంలో చూద్దాం.