పది బండ్ల యార్డు పెట్టాలనుకుంటే

సెకండ్ హ్యాండ్ కార్ల వ్యాపారం పెడదామనుకుంటున్నాను, ఎంత పెట్టుబడి కావాలన్నా అని అడిగేవాళ్లకి నేను ముందు చెప్పేది ఒకటే. జాగా వెతకడం కాస్త ఆపి, ఒక ఆరు నెలలు బండి చూడటం నేర్చుకోండి. తెలిసిన మెకానిక్ దగ్గర, సొట్టలు తీసే డెంటర్ దగ్గర సాయంత్రాలు కూర్చోండి. ఈ వ్యాపారంలో డబ్బు అమ్మిన రోజు రాదు, కొన్న రోజే వస్తుంది లేదా పోతుంది. ఎక్కువకి కొన్న బండిని ఎంత మాటకారి అయినా లాభానికి అమ్మలేడు, ఎందుకంటే కొనేవాడి ఫోన్‌లో అదే మోడల్, అదే సంవత్సరం బండ్లు ఇంకో యాభై కనిపిస్తుంటాయి.

బండ్లు నాలుగు దారుల్లో వస్తాయి: నేరుగా ఓనర్ దగ్గర, కొత్త కార్ల షోరూంలో ఎక్స్‌ఛేంజ్‌కి వచ్చినవి, బ్రోకర్ ద్వారా, ఫైనాన్స్ వాళ్లు సీజ్ చేసి వేలం వేసినవి. చిన్న యార్డుకి మొదటిదే మేలు. ఇంటికి వెళ్తే బండి ఎక్కడ పార్క్ చేస్తారో, ఎవరు నడుపుతారో, ఎందుకు అమ్ముతున్నారో మాటల్లోనే తెలిసిపోతుంది. వేలం బండి రేటు చూసి ఆశపడకండి, అక్కడ తోలి చూడనివ్వరు, ఆర్‌సీ చేతికి రావడానికి ఎన్ని రోజులు పడుతుందో మీ చేతిలో ఉండదు. కొత్తలో దాని జోలికి పోవద్దు.

బండి చూడాల్సింది పగలు, పొడిగా ఉన్నప్పుడు. అప్పుడే కడిగిన బండి, సెల్లార్‌లో ట్యూబ్‌లైట్ కింద ఉన్న బండి చూసి బయానా ఇవ్వకండి. మీరు వెళ్లేసరికి ఇంజిన్ స్టార్ట్ చేసి ఉంచితే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే చల్లారేదాకా ఆగి మళ్లీ స్టార్ట్ చేయించండి, ఇంజిన్ ఏం దాచినా పొద్దున మొదటి స్టార్ట్‌లో చెప్పేస్తుంది. తర్వాత బానెట్, డోర్ల బోల్టుల తలల మీద స్పానర్ గీతలు ఉన్నాయా చూడండి. డోర్ బీడింగ్ రబ్బరు లాగి లోపల కంపెనీ వెల్డింగ్ చుక్కలు వరసగా ఉన్నాయా చూడండి, అక్కడ నున్నగా పుట్టీ తగిలితే పిల్లర్ (రూఫ్‌ని మోసే స్తంభం) దాకా దెబ్బ తిన్న బండి అన్నమాట. టైరు పక్కన నాలుగంకెల నంబర్ ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. మీటర్ 28 వేలు చూపిస్తూ నాలుగు టైర్లూ మారి ఉంటే ఎందుకో అడగండి. స్టీరింగ్ తోలు, బ్రేక్ పెడల్ రబ్బరు అరిగిన తీరు మీటర్‌తో సరిపోవాలి. పెయింట్ మందం కొలిచే మీటర్, ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాలు చదివేది) రెండూ కొనుక్కోండి, ఇవి ఖర్చు కాదు, మొదటి నెలలోనే మిమ్మల్ని ఒక తప్పు బండి నుంచి కాపాడతాయి. డోరు డోరుకీ, ప్యానెల్ ప్యానెల్‌కీ అంకె పోల్చి చూడండి. మిగతా అంతా 110, 120 మైక్రాన్లు ఉండి ఒక్క చోట 400 చూపిస్తే అక్కడ పుట్టీ ఉంది. ఒక్క డోర్ రీపెయింట్ అయితే పెద్ద సమస్య కాదు, హైదరాబాద్ ట్రాఫిక్‌లో గీత పడని బండి ఉండదు. రూఫ్ మీదో, పిల్లర్ మీదో చూపిస్తే మాత్రం వదిలేయండి.

నీళ్లలో మునిగిన బండి గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, నేను దెబ్బ తిన్నది అక్కడే. 2020 అక్టోబర్‌లో వానలకి ఊళ్లో ఎన్నో కాలనీలు మునిగాయి కదా, సెల్లార్లలో కార్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. ఆ తర్వాత నాలుగైదు నెలలకి ఒక హ్యాచ్‌బ్యాక్ వచ్చింది, సింగిల్ ఓనర్, కొత్త సీటు కవర్లు, లోపల మల్లెపూల సెంటు. ఇంజిన్ బాగుంది, బాడీ బాగుంది, 3,60,000కి తీసుకున్నాను. మూడు వారాలు తిరక్కుండానే ఎడమ వైపు అద్దం దానంతటదే దిగడం మొదలైంది, తర్వాత ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరలేదు. మా ఎలక్ట్రీషియన్ వచ్చి ఏ వైరూ ముట్టుకోలేదు, డ్రైవర్ సీటు బెల్టు పట్టుకుని నెమ్మదిగా చివరిదాకా లాగాడు. ఆఖరి జానెడు బెల్టు మీద అడ్డంగా టీ రంగు గీత, దాని కింద ఎండిన ఒండ్రు. గోరుతో గీకితే పొడిగా రాలింది. సీట్లు కడిగినవాళ్లు, కార్పెట్ మార్చినవాళ్లు బెల్టు ఆ చివరిదాకా లాగలేదు. ఆ బండిని ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మాను, దాదాపు లక్షన్నర పోయింది. ఇప్పుడు ఏ బండి ఎక్కినా నా చెయ్యి ముందు బెల్టు మీదికే పోతుంది. మీరూ ఐదు బెల్టులూ చివరిదాకా లాగండి, సీటు కింద పట్టాల తుప్పు చూడండి, డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంతలో మట్టి ఉందేమో చూడండి, హెడ్‌లైట్ లోపల చెమ్మ గీత ఉందేమో చూడండి. సెంటు వాసన మరీ ఘాటుగా కొడితే అద్దాలు మూసి పది నిమిషాలు ఏసీ వేసి కూర్చోండి, అసలు వాసన అప్పుడు బయటికొస్తుంది.

బండి నచ్చాక కాగితాలు. ఛాసిస్ నంబర్ ఆర్‌సీలో చూసి సరిపెట్టుకోవద్దు, బండి మీద కొట్టిన నంబర్‌ని పెన్సిల్‌తో కాగితం మీదికి తీసుకోండి. దొంగతనం కేసులో ఉందేమో చూడటానికి ఎన్‌సీఆర్‌బీ (కేంద్ర నేర రికార్డుల సంస్థ) వాళ్ల వాహన్ సమన్వయ్ సర్వీసు ఉంది. బండి వివరాలు చూపే ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో ఫైనాన్స్ కనిపిస్తే బ్యాంకు ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం), ఆర్‌సీలోంచి ఫైనాన్స్ తీయించే ఫారం 35 చేతికి వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి. లోన్ క్లోజ్ చేసేశామండీ అంటారు, చేసే ఉంటారు కూడా, కానీ ఆర్‌సీలో బ్యాంకు పేరు తీయించి ఉండరు. మీరే క్లోజ్ చేయాల్సి వస్తే డబ్బు ఓనర్‌కి కాదు, నేరుగా లోన్ అకౌంట్‌కి కట్టండి. ఈ-చలాన్లు ఓనర్ ఎదురుగానే ఫోన్‌లో తీసి చూపించి ఆ మొత్తం రేటులో కోసేయండి.

నంబర్ ప్లేట్ దగ్గర కొత్తవాళ్లు పొరపడతారు. ఏపీ 09, ఏపీ 28 అని ఉంటే ఆంధ్ర బండి అనుకుని వదిలేస్తారు, అవి 2014కి ముందు ఇక్కడే హైదరాబాద్, రంగారెడ్డిలో రిజిస్టర్ అయినవి. ఏపీ 39 అయితే అది 2019 నుంచి ఆంధ్రలో రిజిస్టర్ అయిన బండి, దానికి అక్కడి ఆర్‌టీఏ ఎన్ఓసీ, ఇక్కడ లైఫ్ టాక్స్ లెక్క అన్నీ ఉంటాయి. ఆ టాక్స్ ఎంతవుతుందో తెలుసుకోకుండా రేటు మాట్లాడితే లాభమంతా అందులోనే పోతుంది. పాత ఏపీ 09 బండికి ఇంకో లెక్క ఉంది, 15 ఏళ్లు నిండితే రిజిస్ట్రేషన్ రెన్యువల్, గ్రీన్ టాక్స్. ఇంకా ఎన్ని నెలలు ఉందో చూసే కొనండి.

ఇక నేను ఎవరి కోసమూ సడలించని నియమం: పేరు మార్పు కాగితాల మీద సంతకాలు, ఆధార్ కాపీ, డబ్బు మూడూ పూర్తి కాకుండా బండి గేటు దాటకూడదు. పేరు మార్పు ఫారాలు 29, 30 ఖాళీగా సంతకాలు పెట్టించుకుని, అమ్మినప్పుడు చూద్దాంలే అని సొరుగులో పడేయడం మన ఊళ్లో పాత అలవాటు. చట్టం ప్రకారం అదే రాష్ట్రంలో అయితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో ఆర్‌టీఏకి తెలియజేయాలి, కొన్నవాళ్లు 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. బండి నాలుగు చేతులు మారినా సరే, యాక్సిడెంట్ అయితే పరిహారం బాధ్యత ఆర్‌సీలో పేరున్న ఓనర్‌దే అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. మీకు బండి అమ్మిన రిటైర్డ్ మాస్టారు ఏ పాపం ఎరగడు, రెండేళ్ల తర్వాత ఆయన ఇంటికి కోర్టు నోటీసు వస్తుంది. అది నాకు చాలా పెద్ద విషయం. మనల్ని నమ్మి తాళాలు ఇచ్చిన మనిషికి అలా జరగకూడదు.

2023 ఏప్రిల్ 1 నుంచి దీనికి సరైన దారి వచ్చింది. ఆర్‌టీఏ దగ్గర ఆథరైజ్డ్ డీలర్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు, ఐదేళ్లు చెల్లుతుంది. ఓనర్ బండి మనకి అప్పగించినట్టు ఫారం 29సీలో తెలియజేస్తే, అమ్ముడయ్యేదాకా దానికి మనమే ఓనర్ కింద లెక్క. ఎన్ఓసీ, డూప్లికేట్ ఆర్‌సీ, పేరు మార్పు దరఖాస్తులు మనమే చేయొచ్చు. బదులుగా, ఆ బండిని సొంత పనులకి తిప్పకూడదు, ట్రయల్, సర్వీసింగ్, పెయింటింగ్ లాంటి వాటికి బయటికి తీస్తే ట్రిప్ రిజిస్టర్‌లో రాయాలి. మున్సిపల్ ట్రేడ్ లైసెన్స్, లేబర్ డిపార్ట్‌మెంట్‌లో షాపు రిజిస్ట్రేషన్, జీఎస్టీ, కరెంట్ అకౌంట్ మామూలే, ఒక మంచి సీఏ ఉంటే వారంలో దారిలో పడతాయి.

డబ్బు లెక్క ఒకటి వేసి చూపిస్తాను. ఒక బండి 4,10,000కి కొన్నారు, డెంటింగ్, సర్వీసింగ్, రెండు టైర్లు కలిపి 28,000 పెట్టారు, 4,85,000కి అమ్మారు. 75 వేలు మిగిలిందని సంబరపడకండి. 2025 జనవరి 25 నుంచి పాత కార్ల మార్జిన్ మీద జీఎస్టీ 18 శాతం, చిన్న కారుకైనా ఎలక్ట్రిక్ కారుకైనా అంతే. మార్జిన్ అంటే అమ్మిన రేటులోంచి కొన్న రేటు తీసేసిందే, రిపేరు ఖర్చు అందులో తగ్గించరు. అంటే 75 వేల మీద 13,500. రిపేరు, టాక్స్ పోను చేతిలో 33,500. ఇప్పుడు పెట్టుబడి 4,38,000 నూటికి రూపాయిన్నర వడ్డీకి తెచ్చింది అనుకుంటే నెలకి 6,570. జాగా అద్దె పది బండ్లకి పంచితే ఒక్కోదానికి నెలకి 4 వేలు. నెలలో అమ్ముడైతే 23 వేలు దాకా మిగులుతుంది. అదే మూడు నెలలు నిలబడితే మిగిలేది రెండు వేలు కూడా కాదు. అందుకే నలభై ఐదు రోజులు దాటిన బండి మీద మమకారం పెట్టుకోకుండా రేటు తగ్గించి పంపేయండి. ఇంకో సంగతి, ఒక అమ్మకానికి క్యాష్ 2 లక్షలు, అంతకు మించి తీసుకోకండి, ఎంత తీసుకుంటే అంత జరిమానా పడుతుంది. 10 లక్షలు దాటిన బండికి 1 శాతం టీసీఎస్ (కొనేవాడి దగ్గర తీసుకుని మనం కట్టే ఇన్‌కం టాక్స్) వసూలు చేయాలి.

డబ్బు లేకపోతే పార్క్ అండ్ సేల్‌తో మొదలుపెట్టండి, బండి ఓనర్‌దే, మనకి కమీషన్. కానీ ఎంతకి అమ్మినా మీకింత అని నోటిమాట మీద ఉంచకండి, కాగితం రాసుకోండి.

రిపేరు విషయంలో నా లెక్క సులువు. బ్రేకులు, క్లచ్, సస్పెన్షన్ చప్పుడు, ఏసీ, బ్యాటరీ మీద ఖర్చు పెట్టండి. అల్లాయ్‌లు, పెద్ద స్క్రీన్, మెరిసే సీటు కవర్ల మీద పెట్టింది తిరిగి రాదు. ఏప్రిల్‌లో ఇక్కడ ఏసీ చల్లగా లేని బండిని ఎవరూ రెండో రౌండ్ తోలరు. యార్డులో ఉన్న ప్రతి బండినీ మూడు రోజులకోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచండి. వానాకాలంలో బానెట్ ఎత్తి చూడండి, ఎలుకలు వైరింగ్ కొరికేస్తాయి.

అమ్మేటప్పుడు గీతల ఫొటోలు కూడా పెట్టండి. ఫోన్‌లో అన్నీ బాగున్నాయని చెప్పి, కూకట్‌పల్లి నుంచి ఎల్‌బీ నగర్ దాకా ఆటోలో వచ్చినాయనకి ఎడమ డోర్ మీద సొట్ట చూపిస్తే, ఆయనకి ఆ సొట్టతో కాదు, మీతో సమస్య మొదలవుతుంది. మెకానిక్‌ని తెచ్చుకుంటానంటే సంతోషంగా రమ్మనండి. నంబర్ కూడి తొమ్మిది వస్తే రెండు వేలు ఎక్కువైనా ఇస్తారు, ఎనిమిది వస్తే కొందరు చూడనైనా చూడరు, కొనేటప్పుడే ఆ లెక్క వేసుకోండి. ఆషాఢం, మూఢం, మహాలయ పక్షంలో అడిగేవాళ్లే తప్ప తీసుకెళ్లేవాళ్లు తక్కువ, అప్పుడు కొనండి, దసరాకి నింపి పెట్టుకోండి. మంగళవారం డెలివరీ వద్దంటే బతిమాలకండి, టోకెన్ తీసుకుని బుధవారం ఇవ్వండి.

ఇన్సూరెన్స్ 14 రోజుల్లో తమ పేరు మీదికి మార్చుకోవాలని చెప్పండి, వీలైతే మీరే కూర్చుని చేయించండి. మార్చకపోతే సొంత బండికి దెబ్బ తగిలినప్పుడు క్లెయిమ్ రాదు. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పాత ఓనర్‌దే, బండితో రాదు, దానికి కట్టాల్సిన తేడా డబ్బు కూడా ముందే చెప్పేయండి. డెలివరీ నోట్‌లో తారీఖుతో పాటు టైం రాయండి, 5:40 అంటే 5:40, మీటర్ రీడింగ్ ఫొటో తీసి ఇద్దరి సంతకాలతో ఒక కాపీ పెట్టుకోండి. వాళ్లు ఇక్కణ్నుంచి నేరుగా కర్మన్‌ఘాట్ గుడికి పూజకి వెళ్తూ దారిలో సిగ్నల్ దాటితే ఆ చలాన్ ఎవరిదో ఆ టైమే చెబుతుంది.