మాడ్రిడ్ నుంచి గ్రనడాకు రైల్లో: ముందు కోట టికెట్, తర్వాతే రైలు టికెట్

స్పెయిన్‌లోని గ్రనడా ప్రయాణానికి ముందుగా ఖాయం చేసుకోవాల్సింది రైలు కాదు, అల్‌హంబ్రా కోట. అందులోని నస్రిద్ రాజభవనాల్లోకి అరగంటకు ఇంతమందినే పంపుతారు. వసంతకాలంలోనూ సెలవుల్లోనూ ఆ టికెట్లు వారాల ముందే అయిపోతాయి. రైలు దొరికి కోట దొరకకపోతే అంతదూరం వెళ్లి గోడలు చూసి రావాలి.

1. కోట టికెట్. అధికారిక వెబ్‌సైట్లో ‘అల్‌హంబ్రా హెనెరాల్’ అనేది తీసుకోండి. అల్కసాబా బురుజులు, నస్రిద్ భవనాలు, హెనెరాలీఫె తోటలు మూడూ అందులో ఉంటాయి. ‘తోటలు, అల్కసాబా’ అని ఇంకొకటి కనిపిస్తుంది. అందులో నస్రిద్ భవనాలు ఉండవు, చూసుకోకుండా కొనేయకండి. టికెట్ మీద ఉన్న సమయం నస్రిద్ భవనాలదే, అది దాటితే లోపలికి వెళ్లనివ్వరు. పన్నెండేళ్లలోపు పిల్లలకు డబ్బు అక్కర్లేదు గానీ టికెట్ మాత్రం తీయాలి. అందరి అసలు పాస్‌పోర్టులూ వెంట ఉండాలి.

ఏ సమయం ఎంచుకోవాలి? రైలు దిగిన రోజు వద్దు. ఆ రాత్రి ఊళ్లో ఉండి, మర్నాడు ఉదయం 9 గంటల ప్రాంతంలో పెట్టుకోండి. రైలు ఆలస్యమైనా భయముండదు, నస్రిద్ భవనాల్లోని పన్నెండు సింహాల ఫౌంటెన్ దగ్గర నిలబడటానికీ కాస్త చోటు దొరుకుతుంది.

2. రైలు టికెట్. నేరుగా వెళ్లే ‘ఆవె’ అనే హైస్పీడ్ రైలుకు సుమారు మూడున్నర గంటలు పడుతుంది. ఇవి రోజుకు కొన్నే. సీటు లేకపోతే కోర్దోబాలో గానీ అంతెకేరా సాంతా ఆనాలో గానీ మారవచ్చు. అంతెకేరా పేరుతో రెండు స్టేషన్లున్నాయి, ఊళ్లో ఉన్నది వేరు. టికెట్లో ‘సాంతా ఆనా’ అన్న మాట ఉందో లేదో చూడండి.

స్పెయిన్‌లో మనిషికి రెండు ఇంటిపేర్లు, అందుకే ఫారంలో రెండు గడులుంటాయి. మనవాళ్లు రెండోది ఖాళీగా వదిలేయవచ్చు. మీరు మామూలుగా ఇంటిపేరు ముందు రాసినా, చివర రాసినా సరే, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఏముందో అదే రాయండి, నంబరును రెండుసార్లు సరిచూసుకోండి. కార్డు అంతర్జాతీయ లావాదేవీలను ముందుగా బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకోకపోతే చెల్లింపు చివరి మెట్టులో ఆగిపోతుంది. ‘బేసికో’ టికెట్ చవక, కానీ మార్పులకు వీలు తక్కువ. తేదీ గట్టిగా తేలకపోతే ‘ఎలీహె’ మేలు.

3. బయలుదేరే రోజు. మాడ్రిడ్‌లో పెద్ద స్టేషన్లు రెండు: అతోచా, చమార్తిన్. మీ టికెట్ మీద ఏది ఉందో చూసుకోండి. అతోచాలో సామాను ఎక్స్‌రే చేయించాకే లోపలికి పంపుతారు, రైలు కదలడానికి రెండు నిమిషాల ముందు గేటు మూసేస్తారు. నలభై నిమిషాల ముందు చేరుకుంటే హాయి. టికెట్ మీద ‘కొంబినాదో సెర్కానియాస్’ కోడ్ ఉంటే విమానాశ్రయం నాలుగో టెర్మినల్ నుంచి అతోచాకు లోకల్ రైలు ఉచితం. ఆ కోడ్‌ను స్టేషన్ మెషీన్‌లో కొట్టి టికెట్ తీసుకోవాలి.

కోర్దోబా దాటాక కిటికీ పక్కన కూర్చోండి, కనుచూపు మేరా ఆలివ్ తోటలే.

4. గ్రనడాలో. స్టేషన్ నుంచి కెథడ్రల్‌కు నడక పాతిక నిమిషాల లోపే. కోటకు వెళ్లడానికి ఇసబెల్ లా కతోలికా కూడలి దగ్గర సీ30 మినీ బస్సు ఎక్కండి. కాళ్లలో సత్తువ ఉంటే ప్లాసా నువేవా కూడలి నుంచి గోమెరెస్ వీధి మీదుగా చెట్ల నీడన ఎక్కి ‘న్యాయద్వారం’ దగ్గర తేలవచ్చు. టికెట్ ఫోన్లోనే ఉన్నవాళ్లకు ఇదే దగ్గరి దారి. బస్సులో ప్రధాన ద్వారం దగ్గర దిగితే నస్రిద్ భవనాలకు ఇంకో పావుగంట నడవాలి, చాలామందికి సమయం దాటిపోయేది ఇక్కడే. పెద్ద సంచులు హోటల్లోనే వదలండి.

సాయంత్రం అల్బైసిన్ గుట్టమీది సాన్ నికొలాస్ వ్యూ పాయింట్‌కు వెళ్లండి. ఎదురుగా కోట, దాని వెనక సియెర్రా నెవాదా కొండలు.

5. తిండి. మధ్యాహ్న భోజనం 2 గంటలకు, రాత్రిది ఎనిమిదిన్నర తర్వాతే. ఇక్కడ పానీయం అడిగితే చాలా బార్లలో చిన్న తినుబండారం ఉచితంగా వస్తుంది, అందులో తరచూ పందిమాంసం ఉంటుంది. శాకాహారులు ‘సిన్ కార్నె’ (మాంసం లేకుండా) అంటే సరిపోదు, హామ్‌ను (పంది తొడ మాంసాన్ని) కొందరు మాంసం లెక్కలో వేయరు. ‘సిన్ కార్నె, సిన్ హమోన్, సిన్ పెస్కాదో’ (మాంసం, హామ్, చేప లేకుండా) అని మూడూ చెప్పండి.