ప్రశ్నతో భూశాస్త్రం – మూడో పాఠం: బురదనీళ్లు ఎందుకు తేరుకుంటాయి?

కిందటి పాఠంలో పిల్లలు తమ ఇళ్ల దగ్గరి మట్టి తెచ్చి, తడిపి, వేళ్ల మధ్య నలిపి, ఇందులో ఇసుక ఎక్కువా బంక ఎక్కువా అని ఊహించి రాశారు. ఈసారి ఆ ఊహను సీసాలో పరీక్షిస్తారు. ఆరు, ఏడు తరగతులకు వరసగా మూడు రోజులు, రోజుకో పీరియడు పెట్టుకోండి.

నలుగురికో లీటరు సీసా ఇవ్వండి. నిటారు గోడలున్న గట్టి సీసా కావాలి. మెత్తని నీళ్ల సీసా చేత్తో పట్టుకోగానే నొక్కుకుపోయి కొలత తప్పుతుంది. రెండు రకాల మట్టి చాలు: నల్లరేగడి, ఎర్రచల్క. వేర్లు, గులకరాళ్లు ఏరి, గడ్డల్ని కర్రతో చిదపండి. రోట్లో వేసి నూరకండి, గింజలే పగిలి ఇసుక తగ్గినట్టు కనిపిస్తుంది.

మొదటి రోజు సీసాలో మూడో వంతు మట్టి, పైన నాలుగు వేళ్ల ఖాళీ వదిలి నీళ్లు, రేణువులు ఒకదానికొకటి అంటుకోకుండా విడిపోవడానికి అర టీస్పూను బట్టల సబ్బుపొడి. రాత్రంతా నాననివ్వండి. చల్కకు ఇంత నానబెట్టడం అక్కర్లేకపోవచ్చు, కానీ రేగడి గడ్డలు లోపల పొడిగానే ఉండిపోయి మర్నాడు ఇసుకతో పాటు అడుక్కి చేరతాయి. లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే.

రెండో రోజు సీసా కదిపే ముందు ఒక్క ప్రశ్న: “ఈ రెంటిలో ఏది ముందు తేరుకుంటుంది? ఎందుకలా అనుకుంటున్నారు?” ప్రతి ఒక్కరూ నోటుబుక్కులో రాశాకే మాట్లాడనివ్వండి. “మట్టిలో ఏమేం ఉంటాయి?” అని అడిగితే పుస్తకంలో వాక్యం అప్పజెబుతారు, అక్కడితో అయిపోతుంది. మొదటి జవాబుకే “కరెక్ట్” అనకండి. అన్నారంటే మిగతా ముప్పై మందీ ఆలోచించడం ఆపేస్తారు. “అలా అనడానికి ఏం చూశావు?” అని అడిగి ఆగండి. ఆ నిశ్శబ్దం భరించడం కష్టమే, అయినా పది సెకన్లు ఆగండి.

ఐదు నిమిషాలు సీసాను తలకిందులు చేస్తూ కలిపి, కదలని బల్ల మీద పెట్టించండి. కిటికీ వెలుతురుకు అడ్డంగా పెడితే గింజలు జారి అడుగున పేరుకోవడం కళ్లకు కడుతుంది. ఒక నిమిషం గడిచాక మొదటి గీత: ఇసుక. రెండు గంటలకు రెండో గీత: ఒండ్రు. మర్నాడు మూడోది: బంక. ఇంత తేడా ఎందుకంటే, పది సెంటీమీటర్లు దిగడానికి 0.05 మిల్లీమీటర్ల గింజకు ముప్పావు నిమిషం పడితే, 0.002 మిల్లీమీటర్ల రేణువుకు సుమారు ఎనిమిది గంటలు పడుతుంది. ఈ అంకెలు ముందే చెప్పేయకండి, గీతలు గీశాక చెప్పండి.

ఒక్కో పొర ఎత్తును అడుగున పేరుకున్న మట్టి మొత్తం ఎత్తుతో భాగించి నూరుతో గుణిస్తే శాతం వస్తుంది. రేగడి బంక నీళ్లు తాగి ఉబ్బుతుంది కాబట్టి దాని శాతం ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. ఇరవై నాలుగు గంటలకూ నీళ్లు మసగ్గానే ఉంటే ప్రయోగం చెడినట్టు కాదు. బంక ఇంకా దిగుతోందని రాయించండి.

అసలు పాఠం ఒక్కోసారి అనుకోకుండా మొదలవుతుంది. సబ్బుపొడి వేయడం మరిచి, బోరు నీళ్లు పోసిన జట్టు సీసా అందరికన్నా ముందే తేరుకుంటుంది. “మీది తప్పు, మళ్లీ చేయండి” అనకండి. “మీ సీసాలో తేడా ఏమిటి?” అని క్లాసంతటినీ అడగండి.

మూడో రోజు దాన్నే పరీక్షించండి. రెండు లీటర్ల వాననీటిలో, దొరక్కపోతే ఆర్‌వో నీటిలో, వంద గ్రాముల మట్టి సబ్బుపొడి లేకుండా కలిపి, పది నిమిషాలాగి పైన ఉన్న మసక నీటిని మాత్రం మూడు అరలీటరు సీసాల్లోకి వంచండి. ఒకదానిలో ఏమీ వేయవద్దు, రెండోదానిలో టీస్పూను ఉప్పు, మూడోదానిలో చిటికెడు పటిక పొడి. మూడింటినీ ఒకే తీరున కలపండి. వెనక నల్లగీతల కాగితం నిలబెట్టి, ఐదేసి నిమిషాలకు ఏ సీసాలోంచి గీత కనబడుతోందో రాయించండి. దగ్గరగా చూస్తే ఉప్పు, పటిక సీసాల్లో మసక తునకలు తునకలుగా విడిపోతుంది.

బంక రేణువులకు ఋణావేశం ఉండి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఉప్పులోని ధనావేశ అయాన్లు ఆ నెట్టుడును తగ్గించడంతో అవి అంటుకుని, బరువెక్కి దిగుతాయి. పటికది ఇంకా గట్టి ప్రభావం. బోరు నీళ్లలో కరిగి ఉన్న లవణాలూ ఇదే పని చేస్తాయి, ఆ జట్టు సీసా ముందే తేరుకున్నది అందుకే. వరదనీటిని చిల్లగింజ అరగదీసి తేర్చుకునే పాత అలవాటు ఇంట్లో ఎవరికైనా తెలుసేమో పిల్లల్ని కనుక్కు రమ్మనండి. తేరిన నీళ్లు తాగడానికి పనికిరావని మాత్రం గట్టిగా చెప్పండి. మట్టి దిగినంత మాత్రాన క్రిములు చావవు.

ఆఖరి పది నిమిషాలు పటం తెరవండి. ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలై సముద్రంలో కలిసేచోటు చూపించి, “అక్కడ ఒండ్రు దిగడానికి కారణం ఉప్పునీరా, ప్రవాహం నెమ్మదించడమా?” అని అడగండి. మన సీసాలో నీళ్లు పారవు కాబట్టి ఈ ప్రయోగంతో తేలేది సగమే. ఆ మాట పిల్లలే అనేదాకా ఆగండి.

వచ్చే పాఠానికి పాత బేకింగ్ ట్రే లేదా మూడడుగుల రేకు పళ్లెం, రెండు బక్కెట్ల వాగు ఇసుక, సన్న గొట్టం సిద్ధం చేసుకోండి. ఆ మిగిలిన సగం అందులో పారించి చూద్దాం.