పోలీసులు మనవాళ్ళని కొడితే మొదటి రెండు రోజుల్లో ఏం చేయాలి

విచారణ అని తీసుకెళ్ళి, రాత్రంతా స్టేషన్లో కొట్టి, పొద్దున్నే "పో" అని పంపేస్తే ఇంట్లోవాళ్ళు ముందు చేసేది కాపడం పెట్టి పడుకోబెట్టడం. కోపం నాలుగు రోజులకి వస్తుంది, లాయర్ దగ్గరికి వారానికి వెళ్తారు, అప్పటికి కమిలిన మచ్చలు సగం పోయుంటాయి. కేసు నిలబడేదీ పోయేదీ ఆ మొదటి రెండు రోజుల్లో తయారైన కాగితాల మీదే, అందుకే ఇది రాస్తున్నా.

మనిషి ఇంకా లోపలే ఉంటే ముందు ఎస్పీకో కమిషనర్‌కో మెయిల్, వాట్సాప్ రెండూ పెట్టండి. పేరు, ఎన్నింటికి తీసుకెళ్ళారు, ఏ స్టేషన్, బండి నంబర్ చూసుంటే అది కూడా. జవాబు రాకపోయినా పర్లేదు, ఆ మెసేజ్ మీద పడిన టైమే రేపు మీ సాక్ష్యం. ఎందుకంటే అరెస్ట్ చేశాక 24 గంటల్లో మెజిస్ట్రేట్ ముందు పెట్టాలి కదా, మంగళవారం తీసుకెళ్ళి గురువారం పట్టుకున్నట్టు రాసేస్తుంటారు, దాన్ని పగలగొట్టేది ఆ మెసేజే. రెండో రోజుకీ చూపించకపోతే హైకోర్టులో హేబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందుకి తీసుకురమ్మని అడిగే పిటిషన్) వేయొచ్చు. లాయర్‌కి డబ్బుల్లేవు అంటే 15100కి ఫోన్ చేయండి, లీగల్ సర్వీసెస్ వాళ్ళు ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. ఇంకోటి, ఆడవాళ్ళని, 60 దాటిన మగవాళ్ళని సాక్షిగా విచారించాలంటే స్టేషన్‌కి రమ్మనకూడదు, ఇంటికే వచ్చి అడగాలి.

డీకే బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పిన రూల్స్‌లో చాలామందికి తెలియనిది ఒకటుంది. అరెస్ట్ చేసేటప్పుడు మనం అడిగితే ఒంటి మీద దెబ్బలు చిన్నవీ పెద్దవీ అన్నీ చూసి రాయాలి, దాని మీద ఇద్దరూ సంతకం పెట్టాలి, మనకో కాపీ ఇవ్వాలి. అడగండి. ఇవ్వకపోతే "అడిగాం, ఇవ్వలేదు" అని మెజిస్ట్రేట్‌కి చెప్పండి.

ఇక అసలు ఘట్టం మెజిస్ట్రేట్ ముందే. రిమాండ్‌కి తీసుకెళ్ళినప్పుడు "పోలీసులు ఏమైనా కొట్టారా?" అని అడుగుతారు, పక్కనే కొట్టిన కానిస్టేబులే నిలబడి ఉంటాడు, దార్లో బండిలోనే "లేదని చెప్పు, బెయిల్ త్వరగా వస్తుంది" అని నూరిపోసి ఉంటారు, మనవాడు తల అడ్డంగా ఊపుతాడు. ఆ ఒక్క "లేదు" రికార్డులోకి ఎక్కిందంటే తర్వాత ఎంత మొత్తుకున్నా "ఆ రోజు ఎందుకు చెప్పలేదు" అనే అంటారు. అందుకే వీలైతే లాయర్ ముందే కలిసి ధైర్యం చెప్పాలి. అరికాళ్ళు, వీపు, తొడలు ఎక్కడ దెబ్బలుంటే అక్కడ మెజిస్ట్రేట్‌కి చూపించి, నేను చెప్పింది రాయండి సార్ అనాలి, ఆస్పత్రికి పంపించమని అడగాలి.

ఆస్పత్రిలో ఇంకో చిక్కు. డాక్టర్ "ఎలా తగిలింది" అంటే ఎస్కార్ట్ వాళ్ళే "పడిపోయాడండీ" అని జవాబిస్తారు. మీరే నోరు తెరిచి పోలీసులు లాఠీతో కొట్టారు అని చెప్పి అదే ఎంఎల్సీలో (దెబ్బల కేసుల్లో డాక్టర్ రాసే మెడికో-లీగల్ రిపోర్ట్) రాయించుకోండి. బీఎన్ఎస్ఎస్ (సీఆర్పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం) 53వ సెక్షన్ ప్రకారం ఆ రిపోర్ట్ కాపీ మీకివ్వాలి. ఇంటికి పంపేసిన కేసైతే ఆ రోజే ప్రభుత్వాస్పత్రి క్యాజువాల్టీకి వెళ్ళి ఇదే చేయండి, రోజూ వెలుతురులో ఫొటోలు తీయండి, మొహం కూడా పడేలా. రిపోర్ట్ మీద నమ్మకం లేకపోతే వేరే ఆస్పత్రి అడగొచ్చు. 2021లో ఎంపీ రఘురామకృష్ణరాజుని ఏపీ సీఐడీ అరెస్ట్ చేసినప్పుడు గుంటూరు మెడికల్ బోర్డు దెబ్బల్లేవు అంది, సుప్రీంకోర్టు సికింద్రాబాద్ ఆర్మీ హాస్పిటల్‌కి పంపిస్తే కాలి వేలికి ఫ్రాక్చర్ అని తేలింది. ఆయన రాజకీయం మీకు నచ్చినా నచ్చకపోయినా ఈ పాయింట్ మాత్రం గుర్తుపెట్టుకోండి.

సీసీటీవీ సంగతి కూడా వెంటనే చూడాలి. ప్రతి స్టేషన్లో కెమెరాలు ఉండాలని, రికార్డింగ్ 18 నెలలు, వీలుకాకపోతే కనీసం ఏడాదైనా దాచాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. ఫలానా తేదీ, ఫలానా టైమ్ ఫుటేజ్ చెరపొద్దు అని ఎస్పీకి స్పీడ్ పోస్ట్‌లో రాయండి, రసీదు దాచుకోండి. తర్వాత "కెమెరా పనిచేయలేదు" అన్నా అది వాళ్ళే కోర్టుకి చెప్పుకోవాలి.

ఆ స్టేషన్లోనే వాళ్ళ మీద ఎఫ్ఐఆర్ కట్టరు, అది తెలిసిందే. అయినా కంప్లెయింట్ ఇవ్వాలి, తీసుకోకపోతే పోస్ట్‌లో ఎస్పీకి పంపాలి, అదీ కాకపోతే అఫిడవిట్‌తో మెజిస్ట్రేట్ దగ్గరికి. ఈ మెట్లు వరసగా ఎక్కకపోతే కోర్టు వెనక్కి పంపేస్తుంది. నేరం ఒప్పుకోమని కొడితే బీఎన్ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 120వ సెక్షన్, ఊరికే నిర్బంధిస్తే 127. డ్యూటీలో చేశాం కాబట్టి ప్రభుత్వ అనుమతి కావాలి అని అడ్డుపడతారు, బీఎన్ఎస్ఎస్‌లో అయితే అనుమతి అడిగాక 120 రోజుల్లో ఏదీ చెప్పకపోతే ఇచ్చినట్టే లెక్క. మానవ హక్కుల కమిషన్‌కి తెలుగులో రాసినా పర్లేదు, ఫీజు లేదు, కాకపోతే జరిగిన ఏడాదిలోపే వేయాలి.

మధ్యలో ఊరి పెద్దమనుషులు రాజీకి వస్తారు, వాళ్ళ ముందు ఏ తెల్ల కాగితం మీదా సంతకం పెట్టొద్దు. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే వాకపల్లి కేసు చూడండి. 2007లో 11 మంది ఆదివాసీ మహిళలు గ్రేహౌండ్స్ పోలీసులు అత్యాచారం చేశారని బయటికొచ్చి చెప్పారు, 2023లో విశాఖ కోర్టు నిందితుల్ని నిర్దోషులని వదిలేసింది. దర్యాప్తు అధికారులు సరిగ్గా దర్యాప్తు చేయలేదని కోర్టే అంది, ఆ మహిళలకి పరిహారం ఇవ్వమంది. పదహారేళ్ళు నిలబడ్డారు వాళ్ళు, మొదట్లో సేకరించాల్సింది సేకరించకపోతే వాళ్ళ ధైర్యం కూడా చాల్లేదు.

లాకప్‌లో మనిషి చనిపోతే పోలీసుల ఎంక్వైరీతో సరిపెట్టనివ్వకండి, మెజిస్ట్రేట్ విచారణ జరపాల్సిందే, బీఎన్ఎస్ఎస్ 196వ సెక్షన్ అది. పోస్ట్‌మార్టం వీడియో తీయమని రాసివ్వండి, అనుమానం ఉంటే దహనం చేయకండి. 2021లో అడ్డగూడూరు స్టేషన్లో ఒక దళిత మహిళ చనిపోయినప్పుడు రీపోస్ట్‌మార్టం దాకా వెళ్ళింది తెలంగాణ హైకోర్టు. బాడీ తీసుకునేటప్పుడు సంతకం అడిగే కాగితాన్ని మొత్తం చదివించుకుని, ఫొటో తీసుకున్నాకే పెట్టండి.