సంసారం మధ్యలో ఏడాదంతా ప్రేమ నవలలు చదవడం ఎలా

ముందుగా ఒక పని చేయండి. వంటింటి గోడకున్న క్యాలెండర్ దించి, ఈ ఏడాది మీ ఇంట్లో ఏ నెలలో ఏముందో చూడండి. పిల్లల పరీక్షలు, పెళ్లిళ్లు, వ్రతాలు, ఊరి ప్రయాణాలు, ఇంట్లో ఎవరికైనా షిఫ్ట్ డ్యూటీలుంటే అవి. పుస్తకాల పేర్లు రాసుకోవడం ఆ తర్వాతే. నేను కొన్నేళ్లు దీన్ని తిరగేసి చేశాను, ముందు పుస్తకాల పేర్లు రాసుకుని, తర్వాత వాటికి టైమ్ ఎక్కడ దొరుకుతుందా అని వెతుక్కునేదాన్ని, ఎక్కడా దొరికేది కాదు. పోయిన ఏడాది పద్ధతి మార్చాక 18 ప్రేమ నవలలు చదివాను, ఒక్కటీ దాచుకుని చదవలేదు.

మేముండేది విశాఖపట్నం కూర్మన్నపాలెంలో. మా ఆయన స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టుల్లో చేస్తారు. ఇంట్లో అత్తయ్య, పదో తరగతి అమ్మాయి, ఆరో తరగతి బాబు. మీ ఇల్లు వేరేలా ఉండొచ్చు, కానీ లెక్క ఒకటే.

తెలుగు నవల పేజీ ఒకటి చదవడానికి నాకు సుమారు నిమిషంన్నర పడుతుంది. రోజుకి 20 నిమిషాలు దొరికితే 13 పేజీలు. 200 పేజీల నవల 16 రోజుల్లో అయిపోతుంది. పండగలు, జ్వరాలు, చుట్టాలు వచ్చిన రోజులు తీసేసినా ఏడాదికి పదిహేను పైనే అవుతాయి. కాబట్టి వెతకాల్సింది 20 నిమిషాలే, ఖాళీగా ఉండే పూట కాదు. ఆ 20 నిమిషాలు మా ఇంట్లో వారం వారం చోటు మారతాయి. ఉదయపు 'ఏ' షిఫ్ట్ వారంలో ఆయన తెల్లారకముందే బయల్దేరతారు, పిల్లలు లేచేదాకా ఇల్లు నాది. బి షిఫ్ట్ అయితే రాత్రి ఆయన వచ్చేదాకా ఎలాగూ మెలకువగానే ఉంటాను. సి షిఫ్ట్ వారం అన్నిటికంటే మంచిది, ఆయన పగలు పడుకుంటారు కనుక టీవీ ఉండదు, మిక్సీ ఉండదు, అత్తయ్య కూడా మెల్లగా మాట్లాడతారు. పెద్ద నవలలు నేను సి షిఫ్ట్ వారాలకే దాచుకుంటాను.

తర్వాత, ఎక్కడ ఆపాలో నేర్చుకోండి. ఇది చాలామంది పట్టించుకోరు కానీ సంసారంలో చదివేవాళ్లకి దీన్ని మించిన సూత్రం లేదు. పాత తెలుగు ప్రేమ నవలలు చాలావరకు ముందు పత్రికల్లో సీరియల్‌గా వచ్చినవే. చదివేవాళ్లు మళ్లీ వారం ఆ పత్రిక కొనాలి, అందుకని ప్రతి భాగం చివర ఒక ముడి ఉండేది, తలుపు చప్పుడు, అప్పుడే వచ్చిన ఉత్తరం, చూడకూడని మనిషి చూసేయడం. పుస్తకంగా వేసినప్పుడు ఆ ముళ్లు అధ్యాయాల చివర అలాగే ఉండిపోయాయి. 'ఈ అధ్యాయం అయ్యాక లేస్తాను' అనుకుంటే లేవలేం, ఇంకో అధ్యాయం, ఆ తర్వాత ఇంకొకటి, ఈలోపు పాలు పొంగిపోతాయి, మనసులో తప్పు చేసినట్టు ఉంటుంది, వారం రోజులు పుస్తకం ముట్టుకోం. అధ్యాయం చివర ఆగకండి. మధ్యలో, వాళ్లిద్దరూ ప్రశాంతంగా కాఫీ తాగుతున్న చోటో, బస్సు కోసం నిలబడ్డ చోటో ఆపి గుర్తు పెట్టుకోండి. మర్నాడు మళ్లీ తెరిచినప్పుడు కథలోకి వెళ్లడం కూడా తేలికవుతుంది. ఫోన్‌లో ఎపిసోడ్లుగా వచ్చే కథలకీ ఇదే పద్ధతి, పైగా వాటిని మొదలుపెట్టే ముందు కథ పూర్తయిందో లేదో చూసుకోండి, సగంలో ఆగిపోయిన ప్రేమకథ మనసుని చాలా రోజులు వదలదు.

ఏ నెలలో ఏం చదవాలి? సంక్రాంతి ముందు ఏదీ కొత్తగా మొదలుపెట్టొద్దు. అరిసెల పాకం పడుతూ కొత్త కథ చదవలేం, అప్పుడు బాగా తెలిసిన పాత నవల ఏదైనా ఎక్కడ తెరిస్తే అక్కడ చదువుకోవచ్చు. ముక్కనుమ దాటాక కొత్తది తీయండి.

ఫిబ్రవరి, మార్చి పరీక్షల నెలలు. ఈ రెండు నెలలూ పుస్తకం పక్కన పెట్టేయాలి అనుకుంటాం, నాకు మాత్రం ఏడాది మొత్తంలో ఎక్కువ పేజీలు అప్పుడే అయ్యాయి. అమ్మాయి పదో తరగతి కదా, రాత్రి ఒంటరిగా కూర్చుని చదవాలంటే దిగులు పడేది. నేను ఎదురుగా కూర్చునేదాన్ని, ఊరికే కూర్చుంటే 'ఎంతవరకు వచ్చింది' అని అడుగుతూనే ఉంటాను, దానికి టెన్షన్. ఒకరోజు నా నవల తెచ్చుకుని కూర్చున్నాను. అది లెక్కలు చేసుకుంది, నేను కథ చదువుకున్నాను, గంటసేపు ఇద్దరం ఒక్క మాట మాట్లాడలేదు, ఆ గంట తర్వాత అదే వచ్చి 'అమ్మా, రేపు కూడా కూర్చుంటావా' అంది. పిల్లల ఎదురుగా ఫోన్ పట్టుకుని 'నువ్వు చదువుకో' అనడానికీ, మనం కూడా పుస్తకం పట్టుకోవడానికీ చాలా తేడా ఉంది. పేపర్ పుస్తకమే పట్టుకోండి.

పరీక్షలయ్యాక అది నా నవలల అట్టలు తిప్పి చూడటం మొదలుపెట్టింది. మీ ఇంట్లోనూ ఇది వస్తుంది, సిద్ధంగా ఉండండి. లాక్కోవద్దు. మీరు చదివిందే ఇవ్వండి, చదివాక కూర్చుని మాట్లాడండి. పాత నవలల్లో హీరో చెయ్యి పట్టి లాగడం, కోపంలో చెంప మీద కొట్టడం, హీరోయిన్ దాన్ని ప్రేమగా అర్థం చేసుకోవడం కనిపిస్తాయి, అది ప్రేమ కాదని నేను సూటిగా చెప్పాను. అదే నవలలో ఆ అమ్మాయి తన జీతం మీద తను బతుకుతానని నిలబడిన చోటు చూపించి, ఇది యాభై ఏళ్ల కిందట ఎంత పెద్ద మాటో కూడా చెప్పాను. రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయి, రెండూ మాట్లాడాల్సినవే.

మొదటిసారి చదివేవాళ్లు ఎవరితో మొదలుపెట్టాలి అంటే నేను యద్దనపూడి సులోచనారాణి (1940–2018) పేరే చెప్తాను. ఆత్మాభిమానం ఉన్న మధ్యతరగతి అమ్మాయి, డబ్బున్న అబ్బాయి, మధ్యలో ఒక అపార్థం. ఈ నడక మనందరికీ తెలిసిందే అయినా ఆ అమ్మాయి ఎక్కడ తల వంచుతుంది, ఎక్కడ వంచదు అన్నది ప్రతి నవలలోనూ కొత్తగా ఉంటుంది. ఇంట్లో పుస్తకాలు చదవనివాళ్లు ఉంటే సినిమాగా వచ్చిన నవల ఎంచుకోండి. కోడూరి కౌసల్యాదేవి నవల ఆధారంగా 1971లో అక్కినేని, వాణిశ్రీలతో 'ప్రేమనగర్' వచ్చింది, యద్దనపూడి 'మీనా'ని విజయనిర్మల 1973లో సినిమా తీశారు. మా ఆయన నవల పట్టుకోరు, కానీ ఈ సినిమాలు టీవీలో చూసినవారు కనుక 'నవలలో ఇలా ఉంది' అంటే ఆగి వింటారు. నెలకోసారి ఆర్కే బీచ్‌కి వెళ్లినప్పుడు మురీ మిక్చర్ తింటూ నేను చదువుతున్న కథ చెప్తాను, మధ్యలో పిల్లవాడు అలల వైపు పరిగెత్తితే కథ ఆగుతుంది, తిరిగి వచ్చేటప్పుడు బండి మీద ఆయనే 'తర్వాత ఏమైంది' అని అడుగుతారు. చదవమని బలవంతం చేయకండి, కథ చెప్పండి.

ఇంగ్లీష్ చదవగలిగితే మిల్స్ అండ్ బూన్ చిన్న పుస్తకాలు జూన్, జూలై నెలలకి బాగా సరిపోతాయి. లండన్‌లో 1908లో మొదలైన ఆ సంస్థ మొదట్లో అన్ని రకాల పుస్తకాలూ వేసేది, తర్వాత ప్రేమ నవలలకే పేరు పడింది. చాలావరకు 200 పేజీల లోపే, చివర ఇద్దరూ కలుస్తారని ముందే తెలుసు. బళ్లు తెరిచి, యూనిఫాంలు, పుస్తకాల అట్టలు, ఫీజులు అన్నీ ఒకేసారి మీద పడ్డప్పుడు ఆ హామీ ఎంత విలువైనదో చదివేవాళ్లకే తెలుసు. తెలుగులో పాత 'చతుర' సంచికలు దొరికితే వదలకండి, ఒక్కో సంచికలో ఒక నవల మొత్తం ఉంటుంది, ప్రేమకథ అవునో కాదో మొదటి నాలుగు పేజీలు చూసి తీసుకోండి. కొనాల్సిన పని కూడా లేదు, ద్వారకానగర్‌లో పబ్లిక్ లైబ్రరీ ఉంది. దాని దగ్గర్లోని ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా బస్సు మాకు గంట దాకా పడుతుంది, కానీ ఆ గంట కూడా చదువుకునే గంటే, కిటికీ సీటు దొరికితే.

ఆషాఢంలో అత్తయ్యకి కంటి శుక్లాల ఆపరేషన్ అయింది. అలాంటి రోజుల కోసం ఒక మాట. ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడు కొత్త కథ మొదలుపెడితే ముందు చివరి పేజీ చదివేయండి, అందులో తప్పేమీ లేదు. మన సొంత విషయం ఎలా తేలుతుందో తెలియని రోజున, కనీసం పుస్తకంలో వాళ్లు బాగుంటారని తెలిస్తే ఊపిరి ఆడుతుంది. ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికొచ్చాక తలస్నానం వద్దు, పొయ్యి దగ్గరకి వెళ్లొద్దు, చుక్కల మందు వేళకి వేయాలి, చదవడం అసలే వద్దన్నారు. మా అత్తయ్య ఊరికే కూర్చునే మనిషి కాదు, రెండో రోజుకే చిరాకు మొదలైంది. అప్పుడు ఆవిడే చెప్పారు, అటక మీద ట్రంకుపెట్టెలో నా సీరియల్ ఉంది, తీసి చదువు అని.

ఆవిడ పెళ్లైన కొత్తలో విజయనగరంలో ఉండగా, డెబ్భైల్లో, వీక్లీలో వచ్చిన ప్రేమ నవల. వారం వారం పేజీలు కోసి, దాచి, బైండింగ్ చేయించుకున్నారు. నేను పెళ్లై వచ్చి 17 ఏళ్లు, ఆవిడ ప్రేమ నవలలు చదివేవారని నాకు ఆరోజే తెలిసింది. రోజూ మధ్యాహ్నం మూడింటికి చుక్కలు వేసి, కళ్లు మూసుకుని పడుకోమని, ఒక వారం భాగం పైకి చదివేదాన్ని.

పైకి చదవడానికి కొన్ని కిటుకులు ఉన్నాయి. మాటలున్న చోట గొంతు మార్చక్కర్లేదు, ఎవరు మాట్లాడుతున్నారో తెలిసేలా చిన్న విరామం ఇస్తే చాలు. వర్ణనలు మెల్లగా, గొడవలు తొందరగా చదవండి. పెద్దవాళ్లకి సిగ్గు అనిపించే చోటు వస్తే దాటేయకండి, మామూలుగా చదివేయండి, మీరు దాటేస్తే వాళ్లకి తెలిసిపోతుంది. అరగంట మించొద్దు, మీ గొంతుకీ వాళ్ల ఓపికకీ అదే హద్దు. మధ్యలో వాళ్లు తమ కథ చెప్పడం మొదలుపెడితే పుస్తకం మూసేయండి. మా అత్తయ్య మామయ్యగారితో మొదటిసారి రైల్లో వాల్తేరు వచ్చిన సంగతి అలాగే విన్నాను, ఆరోజు ఒక్క పేజీయే అయింది.

పధ్నాలుగో వారం దగ్గర పేజీలు లేవు. పదమూడు తర్వాత పదిహేను. 'ఆ వారమే మీ ఆడపడుచు పుట్టింది, పత్రిక ఎవరూ కొనలేదు' అన్నారు. పదిహేనో వారం తెరిచేసరికి వాళ్లిద్దరూ మాట్లాడుకుంటూ ఉన్నారు, ఎలా కలిశారో ఆవిడకి ఇన్నేళ్లూ తెలియదు.

శ్రావణం, దసరా హడావిడిగా గడుస్తాయి, అప్పుడు ఫోన్‌లో ఆడియో కథలు వింటూ పని చేసుకోండి, అంతకు మించి ఆశించొద్దు. అక్టోబర్, నవంబర్ మాత్రం మన ఊళ్లో తుఫానుల నెలలు. ఇంట్లో రెండు పేపర్ నవలలు, ఒక టార్చ్ తప్పకుండా ఉంచండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు. వెలుతురు ఉన్నంతసేపు గుమ్మంలో కూర్చుని చదివిన ఒకే ఒక్క నవల నాకు ఇప్పటికీ వాక్యాలతో సహా గుర్తుంది.

డిసెంబర్‌లో లైబ్రరీలో అత్తయ్య సీరియల్ నవల పుస్తకంగా దొరికింది. పధ్నాలుగో వారం కథ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో పోల్చుకోవడానికి అత్తయ్య బైండింగ్ కూడా పట్టుకెళ్లాను. మూడు మధ్యాహ్నాలు కూర్చుని తెల్లకాగితాల మీద చేత్తో రాసుకొచ్చి, పదమూడుకీ పదిహేనుకీ మధ్య అతికించాను. మీ ఇంటి అటక మీద కూడా అలాంటి బైండింగ్ ఉంటే ఈ సంక్రాంతి శుభ్రానికి ముందే దించండి. మన సముద్రపు గాలి తేమకి కాగితం మెత్తబడుతుంది, ఎర్రటి ఎండలో పెడితే పెళుసెక్కి విరుగుతుంది, అందుకని నీడలో గాలికి ఒక పూట ఆరబెట్టి, మెత్తటి బట్టతో తుడిచి, పేజీల మధ్య బాగా ఎండిన వేపాకు పెట్టండి. వారాల నంబర్లు వరసగా ఉన్నాయో లేదో చూడండి. ఏదైనా లేకపోతే, ఆ వారం ఏమైందని ఇంట్లో పెద్దవాళ్లని అడగండి.