ఉబుంటులో పోస్ట్‌గ్రెస్ మొండికేస్తే: ఎర్రర్ మెసేజ్ నుంచి కారణం దాకా

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ (పొట్టిగా పోస్ట్‌గ్రెస్) అంటే డేటాని టేబుళ్లలో దాచే డేటాబేస్ సర్వర్. ఉబుంటు లైనక్స్‌లో దాన్ని ఎక్కించడానికి "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్" అనే ఒక్క కమాండ్ చాలు. తిప్పలన్నీ ఆ తర్వాతే. కనెక్ట్ కాదు, పాస్‌వర్డ్ తీసుకోదు, టేబుల్ కట్టనివ్వదు. అప్పుడు ఎక్కువ మంది రెండు పనుల్లో ఏదో ఒకటి చేస్తారు. ఎవరిని ఎలా లోపలికి రానివ్వాలో చెప్పే పీజీ_హెచ్‌బీఏ.కాన్ఫ్ ఫైల్లో అన్ని లైన్లకూ "ట్రస్ట్" అని పెట్టేస్తారు, లేదంటే మొత్తం పీకేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. మొదటిదాంతో పాస్‌వర్డ్ లేకుండా ఎవరైనా లోపలికి వచ్చేస్తారు. రెండోదాంతో డేటాయే పోవచ్చు. ఈ రెండూ అక్కర్లేదు. పోస్ట్‌గ్రెస్ ఇచ్చే ఎర్రర్ మెసేజ్ చాలా కచ్చితంగా ఉంటుంది. సర్వర్ లేచిందా, పోర్ట్ (సర్వర్ కనెక్షన్ల కోసం వినే తలుపు నంబర్) తెరిచి ఉందా, ఈ మెషిన్ నుంచి రానివ్వాలా, పాస్‌వర్డ్ సరైనదేనా, ఈ యూజర్‌కి హక్కు ఉందా అని వరసగా చూసుకుంటూ వెళ్తుంది. ఎక్కడ ఆగిందో మెసేజ్‌లోనే ఉంటుంది. ఆ వరసలోనే మనమూ వెళ్దాం.

ఇక్కడ చెప్పేవి ఉబుంటు 24.04, దాంతో వచ్చే పోస్ట్‌గ్రెస్ 16 కోసం. డెబియన్‌లోనూ ఇంచుమించు ఇంతే. కమాండ్లు పలికినట్టు రాశాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టండి, పెద్దక్షరం కావాల్సిన చోట విడిగా చెప్పాను.

స్టేటస్ "యాక్టివ్" అంటోంది, కానీ సర్వర్ పలకట్లేదు

"సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్" అని కొడితే పచ్చరంగులో "యాక్టివ్ (ఎగ్జిటెడ్)" అని వస్తుంది. యాక్టివ్ అనగానే సర్వర్ నడుస్తోందని అనుకుంటాం. కానీ అది పేరుకే ఉన్న సర్వీసు. అసలు సర్వర్‌ని నడిపేది "పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్@16-మెయిన్" అనే వేరే సర్వీసు. అది పడిపోయినా పైది పచ్చగానే కనిపిస్తుంది. అందుకే ఉబుంటులో ముందు కొట్టాల్సిన కమాండ్ "పీజీ_ఎల్ఎస్‌క్లస్టర్స్". అందులో వెర్షన్, క్లస్టర్ (ఒక పోస్ట్‌గ్రెస్ సర్వర్, దాని డేటా కలిపి) పేరు, పోర్ట్, స్టేటస్, డేటా ఉన్న చోటు, లాగ్ ఫైల్ అన్నీ ఒకే వరసలో వస్తాయి. స్టేటస్ "డౌన్" అని ఉంటే ఆ చివర ఉన్న లాగ్ ఫైల్ తెరవండి. మామూలుగా అది /వార్/లాగ్/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్/ కింద ఉంటుంది. చివరి ఇరవై లైన్లలో కారణం ఉంటుంది.

తరచూ కనిపించే కారణాలు మూడు. ఒకటి, కాన్ఫిగ్ ఫైల్లో తప్పు. లాగ్‌లో ఏ లైనో నంబర్‌తో సహా ఉంటుంది. రెండోది, అదే పోర్ట్‌ని ఇంకెవరో పట్టుకుని ఉండటం, ఎక్కువగా ఎప్పుడో నడిపి మర్చిపోయిన డాకర్ కంటైనర్ (ప్రోగ్రామ్‌ని విడిగా నడిపే పెట్టె). మూడోది "డేటా డైరెక్టరీ హ్యాజ్ ఇన్‌వ్యాలిడ్ పర్మిషన్స్". ఎవరో ఏదో పని కావట్లేదని డేటా ఫోల్డర్ మీద "సీహెచ్‌మాడ్ 777" కొట్టేశారన్నమాట. లోకమంతా చదవగలిగే ఫోల్డర్ మీద పోస్ట్‌గ్రెస్ పని చేయదు, చేయకూడదు కూడా. ఫోల్డర్‌కి 0700 లేదా 0750 మాత్రమే ఒప్పుకుంటుంది. ఓనర్ "పోస్ట్‌గ్రెస్" అనే లైనక్స్ యూజర్ అయ్యేలా "సీహెచ్ఓన్" కొట్టి, పర్మిషన్ 0700కి తిప్పి, "పీజీ_సీటీఎల్‌క్లస్టర్ 16 మెయిన్ స్టార్ట్" అనండి.

ఉబుంటు అప్‌గ్రేడ్ తర్వాత టేబుళ్లన్నీ మాయం

దీనికి పడే టెన్షన్ అంతా ఇంతా కాదు. కానీ డేటా ఎక్కడికీ పోలేదు. 22.04లో పోస్ట్‌గ్రెస్ 14 ఉండేది. 24.04కి వచ్చాక 16 కూడా పక్కనే చేరింది. రెండూ వేర్వేరు క్లస్టర్లు. 5432 పోర్ట్ ముందే ఒకరి చేతిలో ఉంది కాబట్టి రెండోదానికి 5433 దక్కుతుంది. మీరు ఖాళీగా ఉన్న కొత్తదాంట్లోకి వెళ్లి చూస్తుండొచ్చు. పీజీ_ఎల్ఎస్‌క్లస్టర్స్‌లో రెండు లైన్లు కనిపిస్తే ఇదే సంగతి.

ముందు పాత పోర్ట్ నంబర్ ఇచ్చి "పీజీ_డంప్ఆల్"తో బ్యాకప్ తీసి వేరే డిస్క్ మీద పెట్టండి. 16లో నిజంగా ఏమీ లేదని కళ్లారా చూసుకున్నాకే "పీజీ_డ్రాప్‌క్లస్టర్ --స్టాప్ 16 మెయిన్" కొట్టండి. ఆ కమాండ్ "నిజంగానా?" అని అడగదు. నంబర్ తప్పు కొడితే ఉన్న డేటా పోతుంది. తర్వాత "పీజీ_అప్‌గ్రేడ్‌క్లస్టర్ 14 మెయిన్" అంటే డేటాని 16లోకి తెచ్చి, పోర్టులు కూడా అదే మార్చేస్తుంది. యాప్ సెట్టింగులు ముట్టుకోనక్కర్లేదు. కొన్నాళ్లు అంతా బాగా నడిచాక పాతదాన్ని తీసేయవచ్చు.

"పీర్ ఆథెంటికేషన్ ఫెయిల్డ్ ఫర్ యూజర్"

కొత్తగా ఇన్‌స్టాల్ చేసినవాళ్లకు ముందుగా ఎదురయ్యేది ఇదే. పోస్ట్‌గ్రెస్‌తో మాట్లాడే టూల్ పీఎస్‌క్యూఎల్. "పీఎస్‌క్యూఎల్ -యూ పోస్ట్‌గ్రెస్" (ఈ యూ పెద్దక్షరం, U) అని కొడతారు, పాస్‌వర్డ్ కూడా అడగకుండా తిప్పి పంపేస్తుంది. పీర్ అంటే పాస్‌వర్డ్‌తో పని లేదు. లైనక్స్‌లో మీరు ఏ పేరుతో లాగిన్ అయ్యారో డేటాబేస్‌లోనూ అదే పేరు ఉండాలి, అంతే. కాబట్టి అడ్మిన్ పనులకు "సుడో -యు పోస్ట్‌గ్రెస్ పీఎస్‌క్యూఎల్" వాడండి. మీ హోమ్ ఫోల్డర్లోకి వెళ్లలేకపోయానని ఒక లైన్ వస్తే పట్టించుకోవద్దు, దానివల్ల నష్టమేమీ లేదు.

యాప్ కోసం కట్టిన యూజర్‌కి ఇదే ఎర్రర్ వస్తే హోస్ట్ దగ్గర "లోకల్‌హోస్ట్" అని ఇవ్వండి. హోస్ట్ ఇవ్వకపోతే సాకెట్ (అదే మెషిన్ లోపలి దారి) గుండా వెళ్తుంది, అక్కడ పీర్ రూల్ ఉంది. లోకల్‌హోస్ట్ అంటే టీసీపీ (నెట్‌వర్క్ దారి) గుండా వెళ్తుంది, అక్కడ పాస్‌వర్డ్ రూల్ ఉంది. పీజీ_హెచ్‌బీఏ.కాన్ఫ్‌లో ఒక్క అక్షరం మార్చకుండానే పని అవుతుంది.

"పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ ఫెయిల్డ్", పాస్‌వర్డ్ మాత్రం కరెక్టే

ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే ఈ మెసేజ్ కావాలనే సగమే చెబుతుంది. పాస్‌వర్డ్ తప్పైనా, అసలు పాస్‌వర్డ్ పెట్టకపోయినా, ఆ పేరుతో యూజరే లేకపోయినా బయటికి ఒకటే మాట. దాడి చేసేవాడికి ఆనవాలు దొరక్కూడదని అలా పెట్టారు. అసలు కారణం సర్వర్ లాగ్‌లో, "డీటెయిల్" అనే లైన్లో ఉంటుంది. "రోల్ డజ్ నాట్ ఎగ్జిస్ట్" అనో, "యూజర్ హ్యాజ్ నో పాస్‌వర్డ్ అసైన్డ్" అనో కనిపిస్తుంది. దాంతోపాటు హెచ్‌బీఏ ఫైల్లో ఏ నంబర్ లైన్‌కి ఈ కనెక్షన్ తగిలిందో కూడా రాసి ఉంటుంది. ఒక విండోలో "టెయిల్ -ఎఫ్"తో లాగ్ నడుస్తుండగా ఇంకో విండోలో కనెక్ట్ చేసి చూడండి. గంటసేపు ఊహించేది అర నిమిషంలో తేలిపోతుంది.

పాస్‌వర్డ్ పెట్టడానికి పీఎస్‌క్యూఎల్ లోపల "\పాస్‌వర్డ్ స్టాక్‌యాప్" అని కొట్టడమే మంచి పద్ధతి (స్టాక్‌యాప్ అనేది ఉదాహరణకి యాప్ యూజర్ పేరు). "ఆల్టర్ యూజర్"తో పెడితే పాస్‌వర్డ్ అక్షరాలా హిస్టరీ ఫైల్లో మిగిలిపోతుంది.

లాగ్‌లోనూ పాస్‌వర్డ్ కలవలేదనే ఉంటే యాప్‌లోని కనెక్షన్ యూఆర్ఎల్ చూడండి. పాస్‌వర్డ్‌లో @ గుర్తు ఉంటే యూఆర్ఎల్ అక్కడితో పాస్‌వర్డ్ అయిపోయిందని అనుకోవచ్చు. యూఆర్ఎల్‌లో దాన్ని %40 అని రాయాలి. ఇక "స్క్రామ్" అనే మాట ఉన్న ఎర్రర్ వస్తే మామూలుగా డ్రైవర్ (యాప్‌ని పోస్ట్‌గ్రెస్‌తో కలిపే లైబ్రరీ) పాతదని అర్థం. పోస్ట్‌గ్రెస్ 14 నుంచి పాస్‌వర్డ్లను స్క్రామ్ పద్ధతిలో దాచడమే డిఫాల్ట్. పోస్ట్‌గ్రెస్ 10 కంటే పాత లైబ్రరీలకు అది తెలియదు. డ్రైవర్‌ని మార్చండి, సర్వర్‌ని పాత, బలహీనమైన ఎండీ5 పద్ధతికి దించకండి.

వేరే మెషిన్ నుంచి కనెక్ట్ కాదు

ఇందులో మూడు రకాల ఎర్రర్లు, మూడు వేర్వేరు కారణాలు. కలిపేసి చూస్తేనే అయోమయం.

"కనెక్షన్ రిఫ్యూజ్డ్" అని వెంటనే వస్తే: మెషిన్ దాకా చేరారు, ఆ పోర్ట్ దగ్గర వినేవాళ్లు లేరు. ఇన్‌స్టాల్ అయినప్పుడు పోస్ట్‌గ్రెస్ లోకల్‌హోస్ట్ మీద మాత్రమే వింటుంది. "ఎస్ఎస్ -ఎల్‌టీఎన్" కొడితే 127.0.0.1:5432 అని కనిపిస్తుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.కాన్ఫ్‌లో "లిజన్_అడ్రసెస్" దగ్గర లోకల్‌హోస్ట్‌తో పాటు సర్వర్ లోపలి నెట్‌వర్క్ ఐపీ కూడా చేర్చండి. లైన్ ముందున్న # తీశారో లేదో ఇంకోసారి చూసుకోండి, విలువ మార్చి దాన్ని అలాగే వదిలేసేవాళ్లు చాలామంది. ఈ సెట్టింగ్‌కి రీలోడ్ చాలదు, రీస్టార్ట్ చేయాల్సిందే.

చాలాసేపు తిరిగి తిరిగి "టైమ్డ్ అవుట్" అంటే: దాదాపు ఎప్పుడూ ఫైర్‌వాలే. క్లౌడ్‌లో అయితే సెక్యూరిటీ గ్రూప్ (క్లౌడ్ వాళ్ల ఫైర్‌వాల్) కూడా చూడాలి. ఉబుంటు ఫైర్‌వాల్ టూల్ యూఎఫ్‌డబ్ల్యూలో మీ ఆఫీస్ నెట్‌వర్క్‌కి మాత్రమే 5432 తెరవండి. మొత్తం ఇంటర్నెట్‌కి తెరవకండి. తెరిచి ఉన్న 5432 కోసం గాలించే బాట్లు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటాయి. ఇంటి నుంచి పని చేసేవాళ్లకైతే ఎస్ఎస్‌హెచ్ టనెల్ (సర్వర్ దాకా భద్రమైన దారి) చాలు: "ఎస్ఎస్‌హెచ్ -ఎల్ 5433:లోకల్‌హోస్ట్:5432" (ఈ ఎల్ పెద్దక్షరం, L) అని, ఆ పక్కన సర్వర్ పేరు.

"నో పీజీ_హెచ్‌బీఏ.కాన్ఫ్ ఎంట్రీ ఫర్ హోస్ట్" అంటే: సర్వర్ పలికింది, కానీ మీ ఐపీకి రూల్ లేదు. ఏ ఐపీ నుంచి, ఏ యూజర్, ఏ డేటాబేస్ అనేది మెసేజ్‌లోనే ఉంటుంది. ఆ మూడింటికీ సరిపోయే లైన్ ఒకటి స్క్రామ్-ఎస్‌హెచ్ఏ-256 పద్ధతితో చేర్చండి. ఈ ఫైల్‌ని పైనుంచి కిందికి చదువుతుంది, మొదట తగిలిన లైనే చెల్లుతుంది. ఆ లైన్ దగ్గర పాస్‌వర్డ్ తప్పితే కింది లైన్ చూద్దామని అనుకోదు. మార్చాక రీలోడ్ చాలు. అయితే రీలోడ్‌కి ముందు పీఎస్‌క్యూఎల్‌లో "పీజీ_హెచ్‌బీఏ_ఫైల్_రూల్స్" అనే వ్యూ చూడండి, తప్పు లైన్ ఉంటే "ఎర్రర్" కాలమ్‌లో చూపిస్తుంది. తప్పుతోనే రీలోడ్ చేస్తే పాత రూల్స్‌తో నడుస్తూ పోతుంది, మనకు తెలియదు. ఆ తర్వాత ఎప్పుడో కరెంటు పోయి సర్వర్ మళ్లీ లేవాల్సి వచ్చినప్పుడు లేవదు.

"పర్మిషన్ డినైడ్ ఫర్ స్కీమా పబ్లిక్"

పాత పాఠాలు చూసి "గ్రాంట్ ఆల్ ప్రివిలేజెస్ ఆన్ డేటాబేస్" కొట్టినా టేబుల్ కట్టనివ్వదు. మీ తప్పేం లేదు, రూల్ మారింది. పోస్ట్‌గ్రెస్ 15 నుంచి పబ్లిక్ స్కీమాలో (డేటాబేస్ లోపల టేబుళ్లు ఉండే డిఫాల్ట్ విభాగం) టేబుళ్లు కట్టే హక్కు అందరికీ ఉండదు. డేటాబేస్ మీద ఇచ్చిన గ్రాంట్ ఆ స్కీమాకి వర్తించదు. యాప్ యూజర్‌నే డేటాబేస్‌కి ఓనర్ చేయడం సులువు: "ఆల్టర్ డేటాబేస్ స్టాక్ ఓనర్ టు స్టాక్‌యాప్" (ఇక్కడ స్టాక్ అనేది డేటాబేస్ పేరు). ఈలోపు పోస్ట్‌గ్రెస్ యూజర్‌తో కట్టిన టేబుళ్లు ఉంటే వాటికి ఓనర్ మారదు, విడిగా మార్చాలి.

తెలుగు అక్షరాల లెక్క తప్పుతోంది

మన పేర్లు, మన ఊర్లు దాచుకునే ప్రతి డేటాబేస్‌లో మొదటి రోజే చూడాల్సింది ఇది. "సెలెక్ట్ లెంగ్త్('తెలుగు')" అని కొట్టండి. 6 వస్తే నిశ్చింత. 18 వస్తే మీ డేటాబేస్ ఎస్‌క్యూఎల్_ఆస్కీ ఎన్‌కోడింగ్‌లో ఉంది. అంటే దానికి అక్షరాలు తెలియవు, బైట్లే తెలుసు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికీ గుణింతపు గుర్తుకీ ఒక్కోదానికి మూడేసి బైట్లు, అందుకే ఆరు మూళ్లు పద్దెనిమిది. చూడ్డానికి పేర్లు బాగానే కనిపిస్తాయి. కానీ మొదటి పది అక్షరాలు కత్తిరించమంటే అక్షరం మధ్యలో తెగుతుంది.

కారణం: ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సర్వర్ లొకేల్ (భాషా సెట్టింగ్) "సి" అని ఉండటం. చిన్న వీపీఎస్‌లలో (అద్దెకి తీసుకునే వర్చువల్ సర్వర్లలో) ఇది మామూలే. "\ఎల్" కొడితే ఎన్‌కోడింగ్ కాలమ్‌లో తెలుస్తుంది. డేటాబేస్ కట్టాక ఎన్‌కోడింగ్ మార్చలేం, కొత్తది కట్టి డేటా తేవాలి. "క్రియేట్ డేటాబేస్"లో ఎన్‌కోడింగ్ యూటీఎఫ్8 అని, టెంప్లేట్ దగ్గర "టెంప్లేట్0" అని ఇవ్వండి. టెంప్లేట్0 మర్చిపోతే మూసతో ఎన్‌కోడింగ్ కలవట్లేదని ఆపేస్తుంది. క్లస్టర్‌లో ఇంకా డేటా లేకపోతే, "పీజీ_డ్రాప్‌క్లస్టర్"తో తీసేసి "పీజీ_క్రియేట్‌క్లస్టర్"కి యూటీఎఫ్-8 లొకేల్ ఇచ్చి కట్టుకోవడమే నయం.

డిస్క్ నిండి సర్వర్ పడిపోయింది

లాగ్‌లో "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్". ఏ ఫోల్డర్ మింగిందా అని చూస్తే "పీజీ_వాల్". పేరు చూసి లాగ్ ఫైళ్లేగా అని డిలీట్ చేసేయాలనిపిస్తుంది. దయచేసి ఆ ఫోల్డర్లో ఒక్క ఫైల్ కూడా ముట్టుకోకండి. డేటా ఫైళ్లలోకి ఇంకా చేరని మార్పులు అందులోనే ఉంటాయి. అవి పోతే డేటాబేస్ మళ్లీ లేవకపోవచ్చు.

చోటు వేరేచోట సంపాదించండి. "ఆప్ట్ క్లీన్" కొట్టండి, "జర్నల్‌సీటీఎల్ --వ్యాక్యూమ్-సైజ్=200ఎమ్"తో (ఈ చివరి ఎమ్ పెద్దక్షరం, M) సిస్టమ్ జర్నల్ తగ్గించండి. డిస్క్ ఫార్మాట్ ఈఎక్స్‌టీ4 అయితే మామూలుగా 5 శాతం రూట్ కోసం పక్కన పెట్టి ఉంటుంది, "ట్యూన్2ఎఫ్ఎస్ -ఎమ్ 1" అంటే అందులో కొంత వెంటనే చేతికొస్తుంది. సర్వర్ లేచాక "పీజీ_రెప్లికేషన్_స్లాట్స్" చూడండి. ఎప్పుడో తీసేసిన రెప్లికా (డేటాబేస్ నకలు నడిపే సర్వర్) కోసం పెట్టిన స్లాట్ (దానికి కావాల్సిన ఫైళ్లను పట్టి ఉంచేది) "యాక్టివ్" దగ్గర "ఎఫ్" అని ఉండిపోయిందంటే దొంగ దొరికినట్టే. ఆ రెప్లికా ఇక రాదని ఖాయం చేసుకుని "పీజీ_డ్రాప్_రెప్లికేషన్_స్లాట్"తో తీసేసి "చెక్‌పాయింట్" కొడితే పోస్ట్‌గ్రెస్సే పాత ఫైళ్లను తీసేసుకుంటుంది. స్లాట్లు లేకపోతే "పీజీ_స్టాట్_ఆర్కైవర్"లో "ఫెయిల్డ్_కౌంట్" పెరుగుతోందేమో చూడండి. పెరుగుతుంటే ఆర్కైవ్ కమాండ్ (ఈ ఫైళ్లను వేరేచోట కాపీ చేసేది) ఫెయిల్ అవుతోంది, అది సరిచేస్తే ఫైళ్లు తగ్గుతాయి. స్లాట్లు వాడక తప్పనివాళ్లు "మ్యాక్స్_స్లాట్_వాల్_కీప్_సైజ్"కి డిస్క్‌లో సర్దుకునే ఒక పరిమితి పెట్టుకోండి. డిఫాల్ట్‌గా అది -1, అంటే డిస్క్ నిండేదాకా పట్టుకునే ఉంటుంది.