టైమర్ ఎప్పుడు మోగాలి? మండె కట్టడం నుంచి చెక్ ట్రే దాకా

గంటలకొద్దీ సాగే పనికి ఫోన్లో టైమర్ పెట్టమంటే చాలామంది పని ఎప్పటికవుతుందో అంత టైమూ ఒకేసారి పెట్టేస్తారు. అది మోగేసరికి పని అయినా అయిపోయి ఉంటుంది, చెడినా చెడిపోయి ఉంటుంది. టైమర్ మోగాల్సింది మనం మళ్లీ వెళ్లి చెయ్యి పెట్టాల్సిన వేళకి. ఎన్నిసార్లు వెళ్లాలో ముందే లెక్కేసుకుని, దఫాకో టైమర్ పెట్టుకుంటే పొడుగాటి పని కూడా చేతిలో ఉంటుంది.

సార్వా (ఖరీఫ్) వరికి ఆకుమడిలో, అంటే నారు పెంచే మడిలో, చల్లే విత్తనం మండె కట్టడమే తీసుకుందాం. మండె కట్టడమంటే నానిన గింజని గోనెలో కట్టి మొలకెత్తించడం. ఎకరం నాటడానికి 20 నుంచి 25 కిలోల విత్తనం, 5 సెంట్ల ఆకుమడి కావాలి. కిలో విత్తనానికి లీటరు నీళ్లు, లీటరుకు 1 గ్రాము కార్బెండజిమ్ (బూజు తెగుళ్ల మందు) కలిపి 24 గంటలు నానబెట్టాలి. తర్వాత గోనె సంచుల్లో 24 గంటలు మండె. దాళ్వాలో (రబీలో) చలికి మండె 48 గంటల దాకా పడుతుంది.

లెక్క వెనక నుంచి మొదలుపెట్టండి. మిట్టమధ్యాహ్నం చల్లితే మడిలో నీళ్లు కాగి మొలక మాడిపోతుంది కాబట్టి చల్లేది సాయంత్రం 5 గంటలకి. గురువారం 5కి చల్లాలంటే బుధవారం 5కి మండె కట్టాలి, మంగళవారం 5కి నానపొయ్యాలి.

నానకి టైమర్ 23 గంటలు చాలు. మిగిలిన గంట నీళ్లు వంపడానికి, గోనెలు తడపడానికి, కింద గడ్డి పరవడానికి సరిపోతుంది. ఐఫోన్లో టైమర్ ఎలాగూ 23 గంటల 59 నిమిషాలు దాటదు. మందు కలపకుండా వట్టి నీళ్లలో నానబెట్టేవాళ్లు 12 గంటలకోసారి నీళ్లు మార్చాలి, అంటే మధ్యలో ఇంకో టైమరు.

మండెకి నాలుగు టైమర్లు: 4 గంటలు, 8, 6, 4. ఒకటి మోగి, చూడాల్సింది చూశాకే తర్వాతది నొక్కాలి. సాయంత్రం 5కి కడితే రాత్రి 9కి, తెల్లవారి 5కి, 11కి, మధ్యాహ్నం 3కి మోగుతాయి. రాత్రి 9కి చూడాల్సింది ఒక్కటే, సంచి కింద నీళ్లు నిలవకుండా జారిపోయాయా లేదా అని. ఎనిమిది గంటల ఎడం నిద్రకోసం. అప్పటికింకా సంచిలో వేడి పెద్దగా పుట్టదు.

అసలు జాగ్రత్త తెల్లవారి 5 తర్వాత. మొలకెత్తే గింజ వేడి పుట్టిస్తుంది, ఆ వేడి సంచి నడిమధ్యన చేరుతుంది. మోచెయ్యి దాకా లోపలికి పెట్టి చూడండి. చురుక్కుమంటే సంచి విప్పి, లోపలి గింజ పైకీ పైది లోపలికీ వచ్చేలా కలిపి, నీళ్లు చిలకరించి మళ్లీ కట్టాలి. అశ్రద్ధ చేస్తే నడిమి గింజ ఉడికి పులిసిన వాసన కొడుతుంది, అంచుల్లో ఉన్నది మాత్రం మొలుస్తుంది. మడిలో నారు అక్కడక్కడా గుత్తులుగా వచ్చి మిగతా చోట ఖాళీగా ఉండడానికి ఇదో కారణం. సంచిని నిండుగా కుక్కకుండా మూడో వంతు వదులుగా వదిలితే కలపడం సులువు.

11కి ముక్కు పగిలిందేమో, అంటే గింజ కొసన మొలక బయటికొచ్చిందేమో చూడాలి. డ్రమ్ సీడర్‌తో (రంధ్రాలున్న డ్రమ్ముల్లోంచి మొలక విత్తనాన్ని వరుసల్లో రాల్చే పరికరం) వేసేవాళ్లకి తెల్లటి ముక్కు కనిపిస్తే చాలు, అక్కడితో ఆపెయ్యాలి. వేళ్లు సాగితే ఒకదానికొకటి చిక్కుకుని డ్రమ్ము రంధ్రాల్లోంచి రాలవు. 3 గంటలకి కూడా ముక్కు పగలకపోతే ఇంకో 4 గంటలు పెట్టి, చల్లడం మర్నాటికి జరపండి. కొత్తగా కోసిన విత్తనానికి నిద్రావస్థ, అంటే కొన్నాళ్లదాకా మొలకెత్తని గుణం, ఉంటే ఎంతసేపు మండె కట్టినా లాభం ఉండదు. నానపోసేటప్పుడే లీటరు నీళ్లకి 6.3 మి.లీ. గాఢ నత్రికామ్లం, నిద్రావస్థ ఎక్కువున్న రకాలకి 10 మి.లీ. కలిపి, 24 గంటల తర్వాత బాగా కడిగి మండె కట్టాలి. ప్లాస్టిక్ తొట్టి, చేతులకి గ్లవ్స్ తప్పనిసరి. నీళ్లలో ఆమ్లం పొయ్యాలి, ఆమ్లంలో నీళ్లు పొయ్యకూడదు.

ఇదంతా అలారం పెట్టుకుని చెయ్యొచ్చు కదా అంటారు. కూలీలు రాక మండె 5కి బదులు 7కి కట్టారనుకోండి, ముందురోజు పెట్టుకున్న అలారాలన్నీ తప్పుతాయి. టైమర్ నొక్కినప్పటి నుంచి లెక్క కాబట్టి పనితోపాటే జరుగుతుంది. గడియారాన్ని బట్టి నడిచేవాటికి మాత్రం అలారమే నయం. దాళ్వాలో బోదె (పంటకాలవ) నీళ్ల వంతు రాత్రి 2కి అంటే 2కే. అక్కడ టైమర్‌తో పనిలేదు.

రొయ్యల చెరువు దగ్గర చెక్ ట్రేకి (కొంచెం మేత వేసి నీళ్లలోకి దింపి, కాసేపటికి ఎత్తి ఎంత తిన్నాయో చూసే పళ్లెం) టైమర్ ఇంకా ముఖ్యం. మేత చల్లడం మొదలుపెట్టినప్పుడు కాదు, ట్రే నీళ్లలోకి దింపాక నొక్కాలి. పిల్ల చిన్నగా ఉన్నప్పుడు రెండు, రెండున్నర గంటలు. సైజు పెరిగేకొద్దీ తగ్గించుకుంటూ గంట, గంటన్నరకి తేవాలి. అరగంట ఆలస్యంగా ఎత్తిన ఖాళీ ట్రే ఏమీ చెప్పదు. మేత ఎప్పుడో అయిపోయిందా, ఇప్పుడే అయిందా తెలీదు. చాల్లేదనుకుని మేత పెంచితే మిగిలింది అడుగున కుళ్లి అమోనియా పెరుగుతుంది. ముందే ఎత్తితే ఇంకా తింటున్న మేతని చూసి రొయ్య మేత మానేసిందని కంగారుపడతాం. మూడు చెరువులుంటే మూడు టైమర్లు. ఒక్కోదానికి పేరు రాసుకోండి, ‘తూర్పు చెరువు ట్రే’, ‘మండె విప్పి కలపాలి’ అని. వట్టి టైమర్ మోగితే ఏది మోగిందో ఆలోచించేసరికే పది నిమిషాలు పోతాయి.

కూర్చుని చేసే లెక్కలకీ చదువుకీ 25 నిమిషాల పని, 5 నిమిషాల విరామం అనే పొమొడొరో పద్ధతి ఉంది, ఫ్రాంచెస్కో సిరిల్లో పెట్టింది. చదువుకి పర్వాలేదు కానీ ధాన్యం కాటా చీటీలు ముందేసుకుని లెక్క కట్టేవాళ్లకి 25 మరీ పొట్టి, 50 పెట్టుకోండి. మోగగానే తర్వాత కలపాల్సిన చీటీ ఏదో రాసి లేవండి. టీకి వెళ్లేముందు విరామానికీ టైమర్ నొక్కండి. నిజానికి సాగిపోయేది అదే.

డాబా మీద ట్యాంకు లెక్క చిన్నది. 20 లీటర్ల బకెట్టు 30 సెకన్లలో నిండితే నిమిషానికి 40 లీటర్లు, 1000 లీటర్ల ట్యాంకుకి 25 నిమిషాలు. టైమర్ 22కి పెట్టి పైకెళ్లి చూడండి. బకెట్టు కొలత ట్యాంకులో పడే గొట్టం దగ్గరే తియ్యాలి, కింద కుళాయి దగ్గర తీస్తే ధార ఎక్కువొచ్చి లెక్క తప్పుతుంది. వేసవిలో నీళ్లు కిందికి దిగినా, వోల్టేజి తగ్గినా మళ్లీ కొలవాలి.

ఇక ఫోను సంగతి. ఆండ్రాయిడ్ ఫోన్లలో మామూలుగా టైమర్ చప్పుడు రింగ్‌టోన్‌తో కాకుండా అలారం వాల్యూమ్‌తో నడుస్తుంది. ఒకసారి 1 నిమిషం పెట్టి, ఫోను గట్టు మీదుంచి, ఏరియేటర్లు (చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) తిరుగుతుండగా వినిపిస్తుందో లేదో చూసుకోండి. రాత్రి ‘డు నాట్ డిస్టర్బ్’ ఆన్‌లో ఉంటే అందులో అలారాలకి అనుమతి ఉందో లేదో చూడాలి. వేరే టైమర్ యాప్ వేసుకుంటే కొన్ని ఫోన్లు చార్జింగ్ మిగలడానికి దాన్ని వెనకాల ఆపేస్తాయి, ఫోనుతో వచ్చిన గడియారమే మేలు. ప్లగ్గులో పెట్టి డయల్ తిప్పే 24 గంటల టైమర్లు కరెంటు పోతే ఆగిపోతాయి. గంట కరెంటు పోతే ఆ రోజు నుంచీ అది గంట వెనకబడే నడుస్తుంది, కరెంటు వచ్చాక డయల్ తిప్పి సరిచెయ్యాల్సిందే.